పుస్తకానికి కుదిరిన అక్షరం

ఒక చిరునామా తీసుకుందాం: అరసికెరె, పావగడ తాలూకా, తుమకూరు జిల్లా, కర్ణాటక రాష్ట్రం. హాసన్ జిల్లాలో రైళ్లు మారే అరసికెరె వేరు. ఇది మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకున్న పావగడ తాలూకాలోని ఊరు. ఈ తాలూకాలో చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. బడిలో చదివేదీ, బస్సు బోర్డు మీదా పహణీలోనూ కనిపించేదీ మాత్రం కన్నడ. ఈ ఒక్క వరసను తెలుగులో, పుస్తకంలో అచ్చువేయాలంటే ఏ ఫాంటు వాడాలి అని అడిగితే నా జవాబు టైరో తెలుగు. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ఫాంటును పరీక్షించడానికి అందమైన పద్యం అక్కర్లేదు. పద్యం చదువుతుంటే మనసు అర్థం వెంట పోతుంది, అక్షరం కంటికి ఆనదు. చిరునామా అయితే ఆ ఇబ్బంది లేదు. పైగా ఈ చిరునామాలో తెలుగు అక్షరానికి ఎదురయ్యే కష్టాలు దాదాపు అన్నీ ఉన్నాయి. “అరసికెరె”లో ఒక్క వత్తు లేదు, దీర్ఘం లేదు. పనంతా అక్షరం పై అంతస్తులోనే జరుగుతుంది. ర ఒకసారి తలకట్టుతో వస్తుంది, మరోసారి ఎత్వంతో వస్తుంది. అడుగున ఉన్న గుండ్రం అదే, నెత్తిన ఉన్నది మారింది. మంచి ఫాంటులో ఆ రెండు గుండ్రాలూ ఒకే చేతివి అనిపించాలి. పైన వచ్చిన గుర్తు అతికించినట్టు కాకుండా అక్కడే మొలిచినట్టు ఉండాలి. “పావగడ”లో ప, వ పక్కపక్కనే ఉన్నాయి. ప తల విప్పుకుని ఉంటుంది, వ మూసుకుని ఉంటుంది. నాసి ఫాంటులో, నాసి కాగితం మీద ఈ రెండూ కలిసిపోతాయి. “తుమకూరు”లో మ ఉంది. మ తోకను గీసేటప్పుడు చెయ్యి కాస్త తప్పితే “వు” అని చదువుకుంటారు. “జిల్లా”లో జ ఉంది, దానికి తలకట్టే లేదు. చివర “రాష్ట్రం” ఉంది. ష కింద ట వత్తు, దానితో ర వత్తు, పక్కన సున్నా. దీని దగ్గర సగం ఫాంట్లు చేతులెత్తేస్తాయి.

ఇంగ్లీషు అచ్చులో సెరిఫ్ అంటే అక్షరం గీతల చివర ఉండే చిన్న అడ్డగీత, చిన్న పాదం. రోమ్‌లో 113లో నిలబెట్టిన ట్రాజన్ స్తంభం మీది అక్షరాల్లో అది నిండుగా కనిపిస్తుంది. ముందు కుంచెతో రాసి ఆ తర్వాత ఉలితో చెక్కడం వల్లే ఆ పాదాలు వచ్చాయని ఎడ్వర్డ్ కటిచ్ అనే అమెరికన్ కేథలిక్ ఫాదరీ 1968లో పుస్తకం రాసి మరీ వాదించాడు. గారమాండ్, కాస్లన్, బాస్కర్‌విల్, టైమ్స్ వంటి పేరున్న పుస్తకపు అక్షరాలన్నీ ఆ కుటుంబానివే. వాటిలో రెండు లక్షణాలుంటాయి: గీత చివర పాదం, గీత నడకలో లావూసన్నం. పాదాలు తీసేసినా అక్షరం అక్షరంగానే మిగులుతుంది. అలా పాదాలు లేనివాటినే సాన్స్ సెరిఫ్ అంటారు. సెల్‌ఫోన్ తెరమీద ఇప్పుడు వాటిదే రాజ్యం.

తెలుగులో సెరిఫ్‌కు సాటి ఏది? చూడగానే చాలామంది తలకట్టును చూపిస్తారు. పుట్టుకను బట్టి చూస్తే అది సబబే. పావగడకు పొరుగున ఉన్న చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో అశోకుడి శాసనం ఉంది. బి.ఎల్. రైస్ దాన్ని 1892లో వెలుగులోకి తెచ్చాడు. ఆ బ్రాహ్మీ అక్షరాలకు తలలు లేవు, పాదాలు లేవు. గీత మొదలు నుంచి చివర దాకా ఒకటే మందం. శాసనం చివర రాసినవాడు తన పేరు చపడ అని చెప్పుకుని, లేఖకుడినన్న మాటను మాత్రం ఖరోష్ఠీ లిపిలో చెక్కాడు. దక్షిణాదిన సంతకం చేసిన తొలి అక్షరశిల్పి అతనేనని నేను సరదాగా అనుకుంటాను. ఆ తర్వాతి శతాబ్దాల్లో అక్షరం మొదలుపెట్టే చోట చిన్న గంటు పడసాగింది. ఉలి దిగిన చోటో, కలం ఆనిన చోటో ఒక గుర్తు మిగిలిపోయినట్టు. ఆ గంటే పెరిగి, సాగి, వంగి తెలుగులో తలకట్టు అయింది. కన్నడలో అదే పడుకున్న గీతగా మారింది.

పుట్టుక సంగతి అది. ఉద్యోగం మాత్రం వేరే. రోమన్ అక్షరపు పాదం అలంకారంగానే ఉండిపోయింది, మన తలకట్టు పనిలోకి దిగింది. గుడి, ఎత్వం, ఒత్వం వచ్చినప్పుడు తలకట్టు తప్పుకుని ఆ స్థానం వాటికి ఇస్తుంది. అచ్చుగుర్తు కూర్చునే పీట అది. కాబట్టి తలకట్టు తీసేసి తెలుగులో సాన్స్ సెరిఫ్ తయారు చేస్తామంటే కుదరదు. అక్షరమే పోతుంది. పుస్తకపు అక్షరానికి ఇంగ్లీషులో ఉన్న రెండు లక్షణాల్లో మొదటిది మనకు వర్తించదు. ఇక మిగిలింది రెండోది, గీత నడకలోని లావూసన్నం. తెలుగు పుస్తకపు అక్షరం గుణమంతా అక్కడే తేలుతుంది.

ఈ లావూసన్నం మనది కాదనేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. తాటాకు మీద గంటంతో రాస్తే గీతకు మందం తేడా రాదు. గీరి, మసి పూసి, తుడిస్తే మిగిలేది ఒకే సన్నటి గాడి. మన అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండటానికి ఆకు చిరగకుండా రాయాలన్న జాగ్రత్తే కారణమని పెద్దలు చెప్పే మాట. కన్నడ, రాయలసీమ ప్రాంతాల్లో షావుకార్లు, కరణాలు వాడిన కడితాలు కూడా అంతే. గుడ్డకు చింతపిక్కల గంజీ బొగ్గుపొడీ పట్టించి, నల్లగా ఆరబెట్టి, బలపంతో తెల్లగా రాసేవారు. బలపం గీతకు మందం ఉంటుంది గానీ ఒంపుసొంపులు ఉండవు. కాగితమూ కలమూ వచ్చాకే, అందులోనూ సీసపు అచ్చు వచ్చాకే తెలుగు గీత లావెక్కడం, సన్నబడటం మొదలైంది.

తెలుగు అక్షరం మొదట అచ్చయింది మన గడ్డ మీద కాదు. జర్మనీలోని హాలెలో 1746లో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ వేయించిన పుస్తకాల్లో. ఆ తర్వాత బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణం, 1817లో కన్నడ వ్యాకరణం వేశాడు. పంచానన్ కర్మాకర్, ఆయన అల్లుడు మనోహర్ అక్కడ ఉక్కు అచ్చులు చెక్కే విద్యను నిలబెట్టిన కమ్మరి కుటుంబం వాళ్లు. 1816లో మద్రాసు సెయింట్ జార్జి కోట కళాశాల ముద్రణాలయం నుంచి ఎ.డి. క్యాంప్‌బెల్ వ్యాకరణం వచ్చింది. లండన్‌లో కూడా ఒక ముచ్చటైన సంగతి జరిగింది. విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే అక్షరాల పోతగాడు 19వ శతాబ్ది తొలి ఏళ్లలో ఈస్టిండియా కంపెనీ కోసం తెలుగు టైపు చెక్కాడు. ఇంగ్లీషు అచ్చులో బండ పాదాల అక్షరాన్ని 1815 ప్రాంతంలో మొదట మార్కెట్లోకి తెచ్చినవాడూ అతనే. 1832లో తన నమూనా పుస్తకంలో సాన్స్ సెరిఫ్ అన్న పేరును మొదటిసారి వాడిందీ అతనే. సెరిఫ్‌ను లావు చేసి, ఆ తర్వాత తీసిపారేసిన మనిషి, వాటికంటే ముందే తెలుగు తలకట్టు చెక్కాడన్నమాట.

వీళ్లంతా లావూసన్నాల రోమన్ అక్షరాలకు అలవాటుపడ్డ కళ్లతో తెలుగును చూశారు. అందుకే 19వ శతాబ్దపు మద్రాసు పుస్తకాల్లో, 1852లో వెలువడిన సి.పి. బ్రౌన్ నిఘంటువు కాలపు అచ్చులో, తెలుగు గీత ఊపిరి తీసి వదులుతున్నట్టు కనిపిస్తుంది. పరాయి చేతుల మీదుగా వచ్చినంత మాత్రాన అది పరాయిది అవుతుందా? నా లెక్కలో కాదు. వీణ తీగల మీద పలికే సంగీతాన్ని వయొలిన్ మీదకు తెచ్చుకుని మన సొంతం చేసుకున్నాం. అక్షరానికి మాత్రం వేరే నియమం ఎందుకు? వావిళ్లవారి పుస్తకాల అచ్చుతో మూడు తరాలు చదువుకున్నాయి. ఆ కళ్లకు తెలుగు పుస్తకం అంటే లావూసన్నాల అక్షరమే.

ఆ అక్షరం తెరమరుగు కావడం ఒక్క దెబ్బతో జరగలేదు. దినపత్రికలకు చవక కాగితం, వేగంగా తిరిగే యంత్రం. సిరా పాకి సన్నగీతలు పూడిపోతాయి, లేదా అసలు పడవు. కాబట్టి ఒకే మందం గీత వాళ్లకు మేలు. వాళ్లది తప్పని నేననను. ఆ తర్వాత కంప్యూటర్ తెర వచ్చింది. చుక్కలు చుక్కలుగా గీసే పాత తెరలో సన్నగీత నిలిచేది కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో మనకు గౌతమి, కన్నడకు తుంగ అందాయి. ఎవరు పెట్టారో గానీ నదుల పేర్లు బాగున్నాయి. గౌతమి గీత సన్నటి తీగలా ఒకే మందంతో పోతుంది. తెరమీద చదువుకోవడానికి అది చేసిన మేలు తక్కువ కాదు, అది లేకపోతే తెలుగు ఈమెయిళ్లు అంత తొందరగా నడిచేవి కావు. దానితో పుస్తకం వేస్తే మాత్రం పేజీ వెలిసిపోయినట్టు ఉంటుంది. డీటీపీ షాపుల్లో అను, శ్రీలిపి రాజ్యమేలాయి. వాటిలో మంచివి లేకపోలేదు. అయితే యూనికోడ్ కాకపోవడం వల్ల అందులో కొట్టిన పుస్తకం మరో చోట తెరిస్తే పిచ్చిగీతలే.

ఆ కరువులో తిరుమల కృష్ణ దేశికాచారి చేసిన పని మరువలేనిది. పోతన, వేమన అని రెండు యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. పోతనలో లావూసన్నం ఉంది, పాత పుస్తకపు పోలిక ఉంది. వేమనలో ఆడంబరం లేదు, గీతంతా దాదాపు ఒకటే మందం. భాగవతం రాసిన కవి పేరు నగలు పెట్టుకున్న అక్షరానికీ, నగలే కాదు బట్టలు కూడా వద్దనుకున్నవాడి పేరు సాదా అక్షరానికీ పెట్టడంలో పెట్టినవారి సాహిత్యరుచి తెలుస్తుంది. ఆ తర్వాత సిలికానాంధ్ర వారు కృష్ణదేవరాయలు, పెద్దన, ధూర్జటి, తిమ్మన, సూరన, తెనాలి రామకృష్ణ అంటూ విజయనగర ఏలికల కొలువునంతా ఫాంట్ల రూపంలో దింపారు. అవి శుభలేఖలకు, పోస్టర్లకు, శీర్షికలకు బాగా పనికొచ్చాయి. మూడు వందల పేజీల పుస్తకాన్ని వాటిలో చాలావాటితో నడపలేం. చాటింపు వేసే గొంతు వేరు, పక్కన కూర్చుని కథ చెప్పే గొంతు వేరు.

టైరో తెలుగు కథ చెప్పే గొంతు. దాని పుట్టుకే పుస్తకం కోసం. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం మూర్తి క్లాసికల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే గ్రంథమాలను 2015లో మొదలుపెట్టింది. రోహన్ మూర్తి ఇచ్చిన విరాళం, షెల్డన్ పోలక్ సంపాదకత్వం. ఎడమ పేజీలో మూలం దాని సొంత లిపిలో, కుడి పేజీలో ఇంగ్లీషు అనువాదం. మొదటి విడతలోనే అల్లసాని పెద్దన మనుచరిత్ర వచ్చింది, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల అనువాదంతో. ఆ మాల కోసం ఒక్కో లిపికి కొత్తగా అక్షరాలు గీయించారు. కెనడాలోని టైరో టైప్‌వర్క్స్ వారు, భారతీయ లిపుల అచ్చు మీద దశాబ్దాలుగా పనిచేసిన ఫియోనా రాస్‌తో కలిసి ఆ పని చేశారు. అప్పట్లో దాని పేరు మూర్తి తెలుగు. కొన్నేళ్ల తర్వాత అదే రూపానికి మెరుగులు దిద్ది టైరో తెలుగు పేరుతో అందరికీ ఉచితంగా గూగుల్ ఫాంట్స్‌లో పెట్టారు.

ఆ గ్రంథమాలలో కుడి పేజీ ఇంగ్లీషు అక్షరం పేరు ఆంట్వర్ప్. బెల్జియంలోని ఆంట్వర్ప్ నగరంలో ఉన్న ప్లాంటిన్-మొరేటస్ మ్యూజియంలో దాచిన పాత అచ్చుల స్ఫూర్తితో హెన్రిక్ క్యూబెల్ గీసినది. గారమాండ్ చెక్కిన అచ్చులు కొన్ని భద్రంగా ఉన్నదీ ఆ మ్యూజియంలోనే. అంటే ఎడమ వైపు 16వ శతాబ్దపు తెలుగు కావ్యం, కుడి వైపు 16వ శతాబ్దపు యూరప్ అచ్చు జాడలున్న అక్షరం. ఈ పక్కన తెలుగు ఒకే మందం గీతతో నిలబడితే పేజీ ఒక వైపుకు ఒరిగినట్టు ఉండేది. లావూసన్నం ఉన్న తెలుగే ఆ పొరుగుకు దీటుగా నిలుస్తుంది. 19వ శతాబ్దపు అచ్చు అలవాటును టైరో వారు మళ్లీ తీసుకురావడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదు.

ఇప్పుడు మన చిరునామాను పన్నెండు పాయింట్లలో అచ్చుతీసి, కావాలంటే భూతద్దం పెట్టి చూడండి. మొదట కనిపించేది తొందర లేని నడక. గీత వంపు తిరుగుతూ బరువెక్కి, మరో గీతను కలుసుకునే ముందు తేలికపడుతుంది. ఈ తేలికపడటం సోకు కోసం కాదు. తెలుగులో గీతలు గీతల్ని కలిసే చోట్లు ఎక్కువ. అక్కడ రెండు లావు గీతలు ఢీకొంటే నల్లటి ముద్ద పడుతుంది. పేజీని దూరంగా పెట్టి కళ్లు సగం మూసి చూస్తే ఆ ముద్దలు మచ్చల్లా తేలుతాయి. ఈ ఫాంటుతో కూర్చిన పేజీ అలా చూసినా ఒకే బూడిద రంగులో కనిపిస్తుంది. పుస్తకపు అక్షరానికి ఇదే అసలు పరీక్ష.

రెండోది లోపలి తెలుపు. ద, థ, ధ పక్కపక్కన రాయండి. మూడింటికీ ఒళ్లు ఒకటే. థ కడుపులో చుక్క, ధ అడుగున చిన్న గీటు. ఇంత చిన్న తేడా మీద విధ, విద వంటి మాటల బతుకు ఆధారపడి ఉంది. చుక్కను పెద్దది చేస్తే కడుపు నిండిపోతుంది, చిన్నది చేస్తే కాగితం మింగేస్తుంది. గీటుదీ అదే గొడవ. అక్షరం గీసేవాడి చేతి నేర్పు ఇలాంటి చోట తెలుస్తుంది, పెద్ద వంపుల్లో కాదు. టైరో తెలుగులో ఈ చుక్కకు, గీటుకు చాలినంత గాలి ఉంది.

మూడోది వత్తు. క ఒత్తు, ట ఒత్తు పెట్టాలంటే మామూలు అక్షరాన్నే తగ్గించి కింద పెడితే చాలనుకునేవాళ్లుంటారు. అక్షరాన్ని సగానికి తగ్గిస్తే గీత కూడా సగం సన్నబడుతుంది. పైన నిండు అక్షరం, కింద నీరసించిన వత్తు. పనిమంతుడు వత్తును విడిగా గీస్తాడు. పరిమాణం తగ్గినా గీత బరువు పై అక్షరానికి సరితూగేలా చూస్తాడు. ప్రబంధం కోసం పుట్టిన ఫాంటు కాబట్టి ఈ విషయంలో టైరో తెలుగు తప్పించుకోవడానికి వీల్లేదు. పెద్దన సమాసాల్లో వత్తు మీద వత్తు పడని పాదం అరుదు. ఆ బరువు మోసినదానికి “రాష్ట్రం” ఏ మూలకు?

ఇంత పనితనం ఉన్నా ఇది అన్నిటికీ పనికిరాదు. ఉన్నది ఒకటే బరువు, దానికి తోడు ఇటాలిక్. బోల్డ్ లేదు. కావ్యమాలకు బోల్డ్ అక్కర్లేదు, సరే. పాఠ్యపుస్తకానికి, నిఘంటువుకు, వంటల పుస్తకానికి కావాలి. నిఘంటువులో ఆరోపం, అంటే అర్థం చెప్పబోయే మాట, పలుచగా ఉంటే కన్ను ఎక్కడ వాలాలి? ఇటాలిక్ మాటకొస్తే తెలుగు అక్షరాన్ని పక్కకు వాల్చి నొక్కి చెప్పడం మన చదువరికి అలవాటు లేని పని. నేనైతే వాడను. బోల్డ్ కావాల్సినవారు నోటో సెరిఫ్ తెలుగు వైపు చూడవచ్చు. సన్నటి నుంచి దిట్టమైన నలుపు దాకా అందులో చాలా బరువులున్నాయి, లావూసన్నమూ ఉంది. అది శ్రద్ధగా చేసిన, కాస్త ముభావమైన పని. ఆఫీసు నివేదికకు బాగుంటుంది. ఒకే పేజీలో ఈ రెంటినీ కలపకండి. శీర్షికకు టైరోనే పెద్ద సైజులో వాడండి, చాలు.

చిన్న తెర మీద, చిన్న సైజులో టైరో సన్నగీతలు తేలిపోతాయి. బస్సు బోర్డుకు, ఫ్లెక్సీకి, మందు సీసా చీటీకి ఇది తగదు. దినపత్రిక కాగితానికి అసలే వద్దు. కాస్త మందం ఉన్న, నున్నటి, మరీ తెల్లగా లేని కాగితం దీనికి నప్పుతుంది. వరసల మధ్య జాగా దగ్గర పిసినారితనం పనికిరాదు. ఇంగ్లీషులో పన్నెండు పాయింట్ల అక్షరానికి పద్నాలుగున్నర జాగా సరిపోతుంది. తెలుగులో పై వరస వత్తులు కింది వరస గుడులకు తగలకూడదంటే పద్దెనిమిది, పందొమ్మిది ఇవ్వాల్సిందే. కాగితం ఆదా కోసం ఈ జాగా కోసేసిన పుస్తకాలు మన దుకాణాల్లో కొల్లలు.

ఈ ఫాంటుకు కన్నడలో ఒక తోబుట్టువు ఉంది, టైరో కన్నడ. పావగడ వైపు వారికి ఇది అన్నిటికంటే విలువైన సంగతి. రెండు లిపులూ చాలా శతాబ్దాలు ఒకే లిపిగా నడిచాయి. 575 ప్రాంతపు కలమళ్ల తెలుగు శాసనాన్ని, పాత కన్నడ శాసనాలను పక్కన పెడితే భాష తేడా తెలుస్తుంది గానీ లిపి తేడా చెప్పడం కష్టం. మడకశిర పక్కన హేమావతి నొలంబుల రాజధాని. ఆంధ్రలో ఉన్న ఆ ఊళ్లో శాసనాలు ఎక్కువగా కన్నడవి. లిపులు విడివడుతూ వచ్చిన తర్వాత సీసపు అచ్చు ఆ ఎడాన్ని ఖాయం చేసింది. యూనికోడ్‌లో కూడా వీటిది పొరుగు వరసే. తెలుగు గడులు అయిపోయిన చోటే కన్నడ గడులు మొదలవుతాయి. తెలుగు క సంఖ్య 3093, కన్నడ క సంఖ్య 3221. ఏ అక్షరం తీసుకున్నా తేడా అదే 128.

“అరసికెరె” అని రెండు టైరోల్లోనూ కొట్టి పైనా కిందా పెట్టి చూస్తే, అ, ర, స ఒళ్లు దాదాపు ఒకటే. క దగ్గర దారులు విడిపోతాయి. మరికొన్ని అక్షరాలు, త, హ, శ, ఎ వంటివి, ఇలాగే వేరు. మిగిలినవాటిలో తేడా ఎక్కువగా నెత్తి మీదే. తెలుగు తలకట్టు పైకి ఎగసి నిలుస్తుంది, కన్నడది అడ్డంగా పడుకుని కొసన వంగుతుంది. మరొకటి: గుడి దీర్ఘాన్ని, ఏత్వాన్ని మనం నెత్తి మీదే సర్దుకుంటాం. కన్నడ దీర్ఘపు గుర్తును తెచ్చి అక్షరం పక్కన విడిగా నిలబెడుతుంది. అందుకే తెలుగు వరస పైకి కిక్కిరుస్తుంది, కన్నడ వరస అడ్డంగా సాగుతుంది. గీసేవాడికి ఇవి రెండు వేరు సమస్యలు. ఒకే రకం లావూసన్నంతో, ఒకే బరువుతో రెంటినీ గీసి పక్కపక్కన పెట్టినా పేజీ తొణకకుండా నిలబెట్టడం మామూలు పని కాదు.

దీని ఉపయోగం ఊహ మాత్రమే కాదు. కర్ణాటకలోని తెలుగువారికి తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో చదవడం పాత అలవాటు. కైవార తాతయ్యగా కొలిచే నారేయణ యోగి తెలుగు తత్వాలు కన్నడ లిపిలో చదివి పాడుకునేవారు ఎందరో. త్యాగరాజ కీర్తనలూ అలాగే కన్నడ లిపిలో అచ్చయ్యాయి. అలాంటి పుస్తకాన్ని ఎడమ పేజీలో కన్నడ లిపి, కుడి పేజీలో తెలుగు లిపిగా వేస్తే, బడిలో కన్నడ మాత్రమే చదివిన పిల్లవాడు నోటికి వచ్చిన పాటను పట్టుకుని తెలుగు అక్షరాలను తనంతట తానే పోల్చుకుంటాడు. అ, ర, స అప్పటికే అతనివి. మొత్తం వర్ణమాలలో అతను కొత్తగా నేర్వాల్సిన ఒళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రెండు పేజీలకూ వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఫాంట్లు వాడితే ఈ పోలిక కనబడదు. లావు ఒక చోట, సన్నం మరో చోట పడి, దగ్గరి చుట్టాలు కూడా అపరిచితుల్లా నిలబడతాయి.

సరిహద్దు తాలూకాల్లో భజన పుస్తకాలు, బడి పత్రికలు, ఊరి దేవుడి చరిత్రలు వేసేవారు ఈ జంటను ఒకసారి వాడి చూడండి. డీటీపీ చేసేవారికి ఒక మాట: పాత ఫాంటులో కొట్టినదాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చుకుని, ఆ తర్వాతే ఫాంటు మార్చండి. తెరమీద చూసి నిర్ణయించకండి. ఒక పేజీ కాగితం మీద తీసి, ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించి, అప్పుడు ఖాయం చేయండి.

తెలుగువారిలో అక్షరాలు గీసే విద్య నేర్చుకుంటున్న కుర్రకారుకు మరో విన్నపం. టైరో తెలుగుకు బోల్డ్ కావాలి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చింది కాబట్టి, ఎవరైనా దాన్ని విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పెంచుకోవచ్చు, అదే లైసెన్సు కింద తిరిగి విడుదల చేయవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, పైసా కట్టనక్కర్లేదు.